బైకు లిఫ్టు కొనేముందు బైకు కింద చూడండి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

మీ పత్రిక వాహనాల పేజీలో కొంతకాలంగా వస్తున్న బైకు సంరక్షణ వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. చైను శుభ్రం చేసుకోవడం, బ్రేకు ప్యాడ్లు మార్చుకోవడం, ఇంజిన్ ఆయిలు మార్చుకోవడం వంటి పనులు ఇంటి దగ్గరే ఎలా చేసుకోవచ్చో వాటిలో చక్కగా వివరిస్తున్నారు. అయితే ఆ పనుల్లో చాలావాటికి ముందు బైకును నేల మీద నుంచి లేపి, కదలకుండా నిలబెట్టాలి. ఆ విషయాన్ని మాత్రం ప్రతి వ్యాసమూ 'బైకును మంచి స్టాండు మీద నిలబెట్టి' అన్న ఒక్క మాటతో దాటేస్తోంది. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనవాడిగా, ఇంటి పనిలో దెబ్బలు తగిలే అవకాశం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఆ దాటేసిన చోటేనని నా నమ్మకం. అందువల్ల ఈ ఉత్తరం కొంచెం పెద్దదైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఆన్‌లైన్‌లో బైకు లిఫ్టు కోసం వెతికితే మొట్టమొదట కనిపించేది అది మోసే బరువు. 450 కిలోలు, 500 కిలోలు, 680 కిలోలు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. కొనేవారు కూడా ఆ అంకె ఎంత పెద్దదైతే అంత భద్రత అనుకుంటారు. మన వీధుల్లో తిరిగే బండ్ల బరువు ఒకసారి చూడండి. హీరో స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు ఉంటుంది, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పెట్రోలుతో కలిపి 195 కిలోలు, 411 సీసీ హిమాలయన్ 199 కిలోలు. బజారులో దొరికే లిఫ్టుల్లో అతి చిన్నదానికి కూడా, చెప్పిన బరువు నిజంగా మోయగలిగినదే అయితే, ఇవేవీ లెక్కలోకి రావు. నేను చూసినంతలో లిఫ్టు మీద నుంచి పడ్డ బైకుల్లో లిఫ్టు విరిగి పడ్డవి అరుదు. లిఫ్టు చెక్కుచెదరకుండా ఉండగానే దాని మీద నుంచి బైకు పక్కకు ఒరిగి, జారి పడినవే ఎక్కువ. కాబట్టి ఎంత బరువు మోస్తుందన్న ప్రశ్న కన్నా, బైకును ఎక్కడ పట్టుకుంటుంది, లేపాక ఎలా లాక్ అవుతుంది, ఎలాంటి నేల మీద నిలుస్తుంది, మనం చేయబోయే పనికి సరిపోతుందా అన్న ప్రశ్నలు ముందు రావాలి.

లిఫ్టు కొనదలచినవారు అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. టార్చిలైటు తీసుకుని, బైకు పక్కన గోనెపట్టా పరచుకుని పడుకుని, ఇంజిన్ కింద ఏముందో చూడాలి. స్ప్లెండర్ వంటి డబుల్ క్రేడిల్ ఫ్రేము ఉన్న బండ్లకు ఇంజినుకు రెండు వైపులా గొట్టాలు కిందుగా వెళతాయి. కింద నుంచి లేపే జాకీకి ఆ రెండు గొట్టాలే సరైన ఆనుడు. పాత క్లాసిక్ 350, అంటే 2021 దాకా వచ్చిన మోడలు వంటివాటిలో ముందు నుంచి ఒకే గొట్టం దిగి ఇంజిన్ దగ్గర ఆగిపోతుంది, ఆ తరువాత ఇంజినే ఫ్రేములో భాగంగా బరువు మోస్తుంది. కేటీఎం డ్యూక్ బండ్లలో జాలీలా అల్లిన ఫ్రేము ఇంజినును పై నుంచి పట్టుకుని ఉంటుంది. ఇలాంటి బండ్లకు కింద జాకీ ఆనించడానికి ఉక్కు గొట్టం అంటూ ఏదీ దొరకదు. దొరికేది అల్యూమినియం ఛాంబరు (ఇంజిన్ అడుగు పెట్టె), ఆయిలు ఫిల్టరు మూత, డ్రెయిన్ బోల్టు, కొన్నిటికి సైలెన్సరు గొట్టం. ఇవేవీ బండి బరువును ఒక్క బిందువు మీద మోయడానికి తయారైనవి కావు. ఛాంబరు కింద కనిపించే రేకు గార్డును చూసి కూడా మోసపోకూడదు. రాళ్లు తగలకుండా ఉండటానికి పెట్టిన ఆ రేకును రెండు మూడు చిన్న బోల్టులే పట్టుకుని ఉంటాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక ఈ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరమైంది. పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టరు చాలా బండ్లలో ఇంజిన్ ముందో కిందో సైలెన్సరు గొట్టంలోనే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పాత బండికి చక్కగా అమరిన జాకీ అదే కంపెనీ కొత్త బండికి ఆ ఉబ్బు తగిలి అమరకపోవచ్చు. ఎలక్ట్రిక్ స్కూటర్ల సంగతి దీనికన్నా ముఖ్యమైనది. చాలా వాటిలో బ్యాటరీ పెట్టె సరిగ్గా కాళ్లు పెట్టుకునే చోటు కిందనే ఉంటుంది. చదునుగా, వెడల్పుగా ఉందికదా అని అక్కడ జాకీ ఆనించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని. బ్యాటరీ పెట్టెకు సొట్టపడితే లోపలి సెల్సుకు ఏమైందో బయటికి తెలియదు. అలాంటి స్కూటరుకు కంపెనీ ఇచ్చిన సెంటరు స్టాండు మీద జరగని పని ఏదైనా సర్వీసు సెంటరులో చేయించుకోవడమే మంచిది.

ఇక లిఫ్టుల రకాల దగ్గరకు వస్తాను. బండితోపాటే వచ్చే సెంటరు స్టాండును, మన మెకానిక్కుల మాటలో డబుల్ స్టాండును, చాలామంది లెక్కలోకే తీసుకోరు. అది ఫ్రేముకే బిగించి ఉంటుంది కాబట్టి జారదు, బండి బరువుకు తగినట్టు కంపెనీవారే లెక్కగట్టి పెట్టినది. చైనుకు ఆయిలు పెట్టడం, ఇంజిన్ ఆయిలు మార్చడం, వెనుక చక్రం తీసి పంక్చరు వేయించడం వంటి పనులకు అంతకుమించి కావలసిందేమీ లేదు. స్ప్లెండర్ వంటి బండ్లకైతే చైను మొత్తం కవరులోనే ఉంటుంది కాబట్టి ఆ పని అవసరమే తక్కువ. అటువంటి బండి ఒక్కటే ఉన్నవారు లిఫ్టు కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదని మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఆ డబ్బుతో మంచి రింగు పానాల సెట్టు, టార్కు రెంచి (ఎంత బిగువు కావాలో అంతకే బిగించే పానా) కొనుక్కోవచ్చు.

డ్యూక్, ఆర్15 వంటి బండ్లకు డబుల్ స్టాండు రాదు. వీటికి అందరూ కొనేది ప్యాడాక్ స్టాండు. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మును రెండు వైపులా పట్టుకుని, పొడవాటి హ్యాండిలును కిందికి నొక్కితే వెనుక చక్రం కొన్ని అంగుళాలు లేస్తుంది. రెండు మూడు వేల రూపాయల్లో దొరికే సామాను కాబట్టి కొనేటప్పుడు పెద్దగా ఆలోచించరు. అయితే దీనిలో స్వింగార్మును పట్టుకునే భాగం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి స్వింగార్ము అడుగున ఆనే ఎల్ ఆకారపు రబ్బరు గిన్నె. రెండోది స్వింగార్ముకు బిగించిన, దారపు కండె ఆకారంలో ఉండే స్పూలు బోల్టులను కింద నుంచి అందుకునే కొక్కెం. బండికి స్పూలు బిగించే రంధ్రాలు ఉంటే రెండో రకమే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. కొక్కెంలో స్పూలు కూర్చున్నాక బండి ముందుకు గానీ వెనక్కు గానీ జారడానికి తావుండదు. రబ్బరు గిన్నె మీద నూనె చుక్క పడినా, నేల కొంచెం వాలుగా ఉన్నా స్వింగార్ము మెల్లగా పక్కకు జరుగుతుంది, పైగా పెయింటు గీసుకుపోతుంది. స్పూలు బోల్టులు కొనేటప్పుడు మర సరిచూసుకోవాలి. యమహాలకు సాధారణంగా ఎం6 (6 మిల్లీమీటర్ల మర), హోండా, సుజుకీలకు ఎం8, కేటీఎంకు ఎం10 వస్తాయి. సరిపడని బోల్టును బలవంతంగా తిప్పితే అల్యూమినియం స్వింగార్ములో మర చెడిపోతుంది, దాన్ని బాగుచేయడం స్టాండు ఖరీదుకు మించిన పని.

ముందు చక్రం లేపే స్టాండుల్లోనూ రెండు రకాలున్నాయి. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు గొట్టాల అడుగు భాగాన్ని పట్టి లేపేది ఒకటి, హ్యాండిలు కింద స్టీరింగు స్టెమ్ములోకి పిన్ను పెట్టి లేపేది మరొకటి. మొదటి దానితో ముందు చక్రం, బ్రేకు ప్యాడ్ల పని చేసుకోవచ్చు గానీ, ఫోర్కు ఆయిలు సీళ్లు మార్చడానికి ఫోర్కులు దించాలంటే కుదరదు, ఎందుకంటే బండి నిలబడి ఉన్నదే ఆ ఫోర్కుల మీద. రెండో దానితో ఫోర్కులు దించవచ్చు గానీ, కోన్ సెట్టును, అంటే హ్యాండిలు తిరిగే బేరింగులను, పరీక్షించడం కుదరదు, ఎందుకంటే పిన్ను కూర్చున్నది ఆ స్టెమ్ములోనే. కోన్ సెట్టు అరిగిందో లేదో తెలియాలంటే ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిలును వేలితో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి, మధ్యలో ఎక్కడైనా గాడిలో పడినట్టు పట్టేస్తుందేమో చూడాలి. కాబట్టి తమకు ఏ పని తరచుగా పడుతుందో తేల్చుకోకుండా ముందు స్టాండు కొనకూడదు. ఏది కొన్నా, వెనుక స్టాండు వేసిన తరువాతే ముందు స్టాండు వేయాలి. ముందు స్టాండు ఒక్కదాని మీద బండిని ఎప్పుడూ నిలబెట్టకూడదు.

చైను విషయంలో చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. బండి డబుల్ స్టాండు మీదో, ఫ్రేము కింద పెట్టిన జాకీ మీదో ఉన్నప్పుడు వెనుక చక్రం కిందికి వేలాడుతుంది, స్వింగార్ము కూడా దానితోపాటు దిగుతుంది. వెనుక ప్యాడాక్ స్టాండు మీదైతే స్వింగార్ము కిందే ఆనుడు ఉంటుంది కాబట్టి షాక్ అబ్జార్బర్ల మీద బండి బరువు ఉన్నట్టే ఉంటుంది. ఈ రెండు స్థితుల్లో చైను వదులు ఒకేలా ఉండదు. కొన్ని కంపెనీలు చైను వదులును సైడు స్టాండు మీద కొలవమంటాయి, కొన్ని డబుల్ స్టాండు మీద కొలవమంటాయి. మాన్యువల్లో 25 మిల్లీమీటర్లని ఉంటే అది ఏ స్టాండు మీద కొలిచిన అంకెయో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ వాక్యం చదవకుండా కొత్త స్టాండు మీద బిగించిన చైను, మనిషి కూర్చోగానే వీణ తీగలా బిగుసుకుని స్ప్రాకెట్టును, గేరుబాక్సు బేరింగును అరగదీస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయకపోతే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం ఉండదు. స్టాండు వేశాక చక్రం గాలిలో తిరుగుతుంది కాబట్టి, ఇంజిన్ స్టార్టు చేసి ఫస్టు గేరులో వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టుకుని తుడిచే పద్ధతి పిల్లల్లో పాకిపోయింది. గుడ్డ చైనులో చిక్కుకున్న మరుక్షణం వేలు స్ప్రాకెట్టు పళ్ల మధ్యకు పోతుంది. ఫస్టు గేరులో ఇంజినుకు ఉండే బలానికి వేలు తెగేదాకా ఆగడం ఉండదు, చెయ్యి వెనక్కు లాక్కోవడానికి సమయమూ ఉండదు. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడవాలి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు. స్టాండులు అమ్మే ప్రతి కంపెనీ ఈ ఒక్క వాక్యాన్ని తెలుగులో, స్టాండు మీదే అతికించాలని కోరుతున్నాను.

తరువాత చెప్పవలసింది ఇంజిన్ కింద పెట్టి లేపే సిజర్ జాకీ గురించి. కార్లకు వచ్చే జాకీలాంటిదే, పైన వెడల్పాటి రబ్బరు పలక ఉంటుంది, మర తిప్పితే లేస్తుంది. చిన్నది, చౌక, మూలన పడేయవచ్చు. డబుల్ క్రేడిల్ ఫ్రేము ఉన్న బండికి, దాన్ని జాగ్రత్తగా వాడేవారికి ఇది మంచి సాధనమే. కానీ దీని పీఠం మూరెడు పొడవు, జానెడు వెడల్పు మాత్రమే. పైన నిలబడేది ఆరడుగుల పైచిలుకు పొడవున్న బండి. మా కాలనీలో ఒక అబ్బాయి తన బండిని ఇలాంటి జాకీ మీద ఛాంబరు కింద ఆనించి లేపి, వెనుక చక్రం నట్టు ఊడదీయబోయాడు. నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పానాకు గొట్టం తొడిగి, రెండు చేతులతో కిందికి నొక్కేసరికి నట్టు వదలలేదు గానీ బండి మొత్తం ఆ నొక్కుడుకు తిరిగి, డ్రెయిన్ బోల్టు జాకీ పలక అంచు నుంచి జారి, కుడి వైపుకు పడింది. అదృష్టవశాత్తూ అతను ఎడమ వైపున ఉన్నాడు. ట్యాంకుకు సొట్టపడి బ్రేకు లివరు విరగడంతో సరిపోయింది.

అక్కడ జరిగినదానికి లెక్క చాలా తేలిక. వెనుక యాక్సిల్ నట్టుకు 100 న్యూటన్ మీటర్ల బిగింపు ఉందనుకుంటే, అర మీటరు పొడవున్న పానా చివర 20 కిలోలకు పైగా బలం పెట్టాలి. తుప్పు ఉంటే దానికి రెట్టింపు కావచ్చు. బండిని ఒక పక్క నుంచి అంత బలంతో తోసినప్పుడు జానెడు వెడల్పు పీఠం ఏ మాత్రం నిలబెట్టలేదు. కాబట్టి బాగా బిగిసి ఉన్న నట్టులన్నీ, ముఖ్యంగా యాక్సిల్ నట్టు, స్వింగార్ము బోల్టు, స్టీరింగు నట్టు వంటివి, రెండు చక్రాలూ నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసుకోవాలి, ఆ తరువాతే బండిని లేపాలి. తిరిగి బిగించేటప్పుడు కూడా చేతి బిగువు దాకా బిగించి, బండిని దించాక టార్కు రెంచితో పూర్తి చేయాలి. మా వర్క్‌షాపులో మొదటి సంవత్సరం పిల్లలకు నేర్పే పాఠమే ఇది.

దీనితో ముడిపడిన మరో సంగతి ఏమిటంటే, జాకీ మీద సరిగ్గా సమతూకంగా నిలిచిన బండి, ఒక చక్రం తీయగానే సమతూకంలో ఉండదు. ముందు చక్రం తీస్తే బరువు వెనక్కు వాలుతుంది, వెనుక చక్రం, చైను, స్ప్రాకెట్టు తీస్తే బండి ముక్కు కిందికి వంగుతుంది. అందుకని ఏ వైపు చక్రం తీయబోతున్నామో దానికి రెండో వైపున చెక్క దుంగ గానీ రెండో స్టాండు గానీ ముందే పెట్టి ఉంచాలి. హ్యాండిలు రెండు వైపుల నుంచి పై దూలానికో, గోడ కొక్కేలకో లాగి బిగించే రాచెట్ పట్టీలతో కట్టుకోవడం ఇంకా మంచిది. అపార్టుమెంటు పార్కింగులో అలాంటి కొక్కేలు ఉండవు కాబట్టి, అక్కడ ఒక్క సిజర్ జాకీ మీద చక్రం తీసే పని పెట్టుకోవద్దనే నా సలహా.

హైడ్రాలిక్ లిఫ్టుల్లో, రెండు చేతులు చాచినట్టు ఫ్రేము కింద పట్టి లేపేవి కొన్ని, బండి మొత్తాన్ని బల్ల మీద ఎక్కించి లేపేవి కొన్ని ఉంటాయి. ఏది కొన్నా చూడవలసిన భాగం లాక్. హైడ్రాలిక్ జాకీ అంటే నూనె ఒత్తిడి, ఆ ఒత్తిడిని ఆపి ఉంచేది ఒక రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. సీలు అరిగినా, వాల్వు దగ్గర ఇసుక రేణువు అడ్డం పడినా జాకీ రాత్రికి రాత్రి కుంగిపోతుంది. కాబట్టి లేపే పని నూనె చేయవచ్చు గానీ, నిలబెట్టి ఉంచే పని మాత్రం ఉక్కు చేయాలి. లేపిన ఎత్తులో ఉక్కు పిన్నో, పళ్ల లాకో దిగి, వాల్వు పూర్తిగా తెరిచినా బల్ల కిందికి రాకుండా ఆగాలి. కొనేముందు దుకాణంలోనే లేపించి, లాక్ వేయించి, వాల్వు తెరిపించి చూడండి. చూపించడానికి ఇష్టపడని దుకాణంలో కొనకండి. లాక్ ఒకే ఎత్తులో పడేది కన్నా మూడు నాలుగు ఎత్తుల్లో పడేది మేలు, ఎందుకంటే చైను పనికి ఒక ఎత్తు కావాలి, ట్యాంకు పనికి మరో ఎత్తు కావాలి.

బల్ల లిఫ్టును మన మెకానిక్కులు ర్యాంపు అంటారు. దీని మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది. మన ఊళ్లలో మెకానిక్కులు చిన్న పీట మీద కూర్చునో, గొంతుకూర్చునో ఏళ్ల తరబడి పనిచేసి, నలభై దాటేసరికి మోకాళ్లు, నడుము పోగొట్టుకోవడం నేను దగ్గరగా చూశాను. నా దగ్గర చదువుకున్న కుర్రాళ్లలో కొందరు ఈ నొప్పుల వల్లే ఆ పని మానేశారు. బండి నడుము ఎత్తుకు వస్తే నిటారుగా నిలబడి పని చేసుకోవచ్చు, నట్టు కంటికి ఎదురుగా ఉంటుంది, పారిపోయిన వాషరు బల్ల మీదే దొరుకుతుంది. వయసు మళ్లినవారికి, ఇంట్లో రెండు మూడు బండ్లున్నవారికి, సొంత షెడ్డు ఉన్నవారికి ఇది పెట్టవలసిన ఖర్చే. అయితే ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది, స్థలమూ కావాలి. సాధారణంగా బల్ల ఏడడుగుల పొడవు, రెండడుగుల పైచిలుకు వెడల్పు ఉంటుంది, దానికి ఎక్కించే రేకు అదనం, చుట్టూ మనిషి తిరగడానికి మరో మూడడుగులు. పూర్తిగా లేపితే బల్ల దాదాపు 75 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తుకు వస్తుంది. దాని మీద బండి, అద్దాలు కలిపితే మనిషి ఎత్తు దాటిపోతుంది. స్టిల్టు పార్కింగులో దూలాల కింద కొలుచుకోకుండా కొంటే అద్దాలు దూలానికి తగులుతాయి.

ర్యాంపు కొనేటప్పుడు మరో మూడు విషయాలు చూడాలి. అన్నిటికన్నా కిందికి దించినప్పుడు బల్ల ఎత్తు ఎంత ఉంటుందన్నది మొదటిది. చాలావాటికి జానెడు దాకా ఉంటుంది. మనం నేల మీద నడుస్తూ బండిని బల్ల మీదికి తోస్తాం కాబట్టి, ఆ జానెడు మేరకు బండి మనకన్నా ఎత్తుగా అయిపోతుంది, హ్యాండిలు మీద పట్టు తగ్గుతుంది. బరువైన బండ్లను ఒక్కరే ఎక్కించకూడదు, వెనుక నుంచి పట్టుకునేవారు ఒకరు ఉండాలి. సైడు స్టాండు వేస్తే దాని పాదం బల్ల లోపలే పడుతుందా, అంచు మీద పడుతుందా అన్నది రెండోది. ఇక ముందు చక్రాన్ని బిగించి పట్టే వైసు. ఇది ఉంటే బండి నిటారుగా నిలబడుతుంది గానీ, ముందు చక్రమే తీయవలసి వచ్చినప్పుడు ఆ పట్టు పోతుంది. కాబట్టి బల్లకు నాలుగు మూలలా పట్టీలు కట్టుకునే కొక్కేలు ఉన్నదే కొనాలి. వెనుక చక్రం కిందికి దించి తీయడానికి బల్లలో ఊడే పలక ఉంటే మరీ మంచిది.

నేల గురించి ఎవరూ మాట్లాడరు. మన అపార్టుమెంట్ల పార్కింగులో సిమెంటు మీద పార్కింగు టైల్సు వేస్తారు, నీళ్లు పోవడానికి వాలు పెడతారు. టైలు కింద సిమెంటు సరిగ్గా నింపకపోతే డొల్లగా ఉంటుంది. నాణెంతో కొట్టి చూస్తే శబ్దంలోనే తెలిసిపోతుంది. బండి బరువంతా జాకీ నాలుగు కాళ్ల మీద పడినప్పుడు డొల్ల టైలు పగిలి, ఒక కాలు దిగిపోతుంది. అరంగుళం పైన మందమున్న ప్లైవుడ్ ముక్క పరచి దాని మీద జాకీ పెడితే బరువు విస్తరించి పడుతుంది. వాలు ఉన్న చోట బండిని వాలుకు అడ్డంగా కాకుండా, ముందు చక్రం పై వైపుకు ఉండేలా పెట్టి, నేల మీద ఉండే చక్రానికి చెక్క అడ్డం పెట్టుకోవాలి. చక్రాలున్న లిఫ్టు అయితే వాలు నేల మీద వాడకపోవడమే మంచిది. మా కాకినాడలో, విశాఖలో, సముద్రపు గాలి తగిలే ప్రతి ఊరిలో మర జాకీలు తొందరగా తుప్పుపడతాయి. వానాకాలానికి ముందు మరకు గ్రీజు పెట్టుకోకపోతే, బండి గాలిలో ఉండగా మర బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి చోట్ల, ఇంకా చిన్న ఊళ్లలో వెల్డింగు షాపుల్లో స్టాండులు తయారుచేయించుకునేవారు కూడా ఉన్నారు. దాన్ని నేను తప్పుపట్టను. చేయి తిరిగిన వెల్డరు చేసిన స్టాండు ఆన్‌లైన్‌లో వచ్చే పల్చటి స్టాండు కన్నా గట్టిగా ఉండటం నేను చూశాను. గొట్టం 16 గేజి, అంటే 1.6 మిల్లీమీటర్ల మందం, కన్నా పల్చన కాకూడదు, 14 గేజి అయితే ఇంకా మంచిది. బరువు పడే మూలల్లో త్రికోణపు పలకలు పెట్టించాలి, వెల్డింగు చుట్టూ పూర్తిగా పడాలి, చుక్కలు చుక్కలుగా అతికించి పుట్టీ పూసి పెయింటు వేయనివ్వకూడదు. అందుకే పెయింటు వేయకముందే వెళ్లి చూసుకోవాలి.

ఇప్పుడు నా కోరికలు విన్నవించుకుంటాను. కారు మాన్యువల్లో జాకీ ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసి చూపిస్తారు. డబుల్ స్టాండు లేకుండా అమ్ముతున్న బైకులకు కూడా కంపెనీలు అదే విధంగా లిఫ్టు ఎక్కడ ఆనించవచ్చో, ఎక్కడ ఆనించకూడదో మాన్యువల్లో బొమ్మతో ముద్రించాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయంలో ఇది మరీ అవసరం. హెల్మెట్టు కొంటే ఐఎస్ఐ గుర్తు చూడాలని 2021 నుంచి అమల్లో ఉన్న నిబంధన వల్ల మనకు తెలిసింది. బైకు స్టాండు కొనేటప్పుడు ఏం చూడాలో మన పాఠకులకు తెలుగులో చెప్పేవారు లేరు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందన్నది పెట్టె మీద ఉండాలి, ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు కూడా చూపించాలి. అవి లేని లిఫ్టు విరిగి ఎవరికైనా దెబ్బతగిలితే అడగడానికి మనిషి దొరకడు. అలాంటి సరుకు వస్తే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు చేయాలని పాఠకులను కోరుతున్నాను. మీ వాహనాల పేజీలో కొత్త బైకులను పరీక్షించి రాస్తున్నట్టే, బజారులో దొరికే స్టాండులను, ర్యాంపులను కూడా బండి ఎక్కించి, లాకులు పరీక్షించి, నేల నుంచి కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు కొలిచి రాయించవలసిందిగా మిమ్మల్ని వేడుకుంటున్నాను.

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీఐలకు కూడా ఒక మాట. చాలా ఐటీఐల్లో వెల్డరు ట్రేడు, మోటారు మెకానిక్ ట్రేడు పక్కపక్క షెడ్డుల్లోనే నడుస్తాయి. ఈ రెండు ట్రేడుల పిల్లలతో కలిపి ప్యాడాక్ స్టాండులు తయారు చేయించి, వాటి మీద బండి బరువుకు ఒకటిన్నర రెట్లు ఇసుక బస్తాలు ఒక రాత్రంతా ఉంచి, ఉదయాన్నే వెల్డింగు మీద బీటలు, గొట్టంలో వంపు ఉన్నాయేమో చూసి, నెగ్గిన స్టాండు మీద పరీక్షించిన బరువు, తేదీ పంచింగు కొట్టి అమ్మకానికి పెట్టవచ్చు. పిల్లలకు పని వస్తుంది, ఐటీఐకి కొంత ఆదాయం వస్తుంది, కొనేవారికి ఆ స్టాండు ఎవరు పరీక్షించారో తెలుస్తుంది. ఏ ఐటీఐ అయినా ఈ పని మొదలుపెడితే పరీక్షలు చేయించడానికి, పిల్లలకు చూపించడానికి నా వంతుగా వచ్చి నిలబడతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
కాకినాడ